«అభిప్రాయంబు...» గుఱించియా, గ్రహించియా?

మధురవాడ: ఋషికొండలో ఒక జట్టు బ్యాంకు లెక్కల ప్రోగ్రాముల్ని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలోంచి జావా భాషలోకి మారుస్తోంది. వాళ్ల మార్గదర్శిక మొదటి పేజీకి, సంస్కృత నైషధాన్ని ఎలా తెలిగించాడో శ్రీనాథుడు శృంగారనైషధంలో చెప్పుకున్న ఆ వచనం కావాలి. «శబ్దం బనుసరించియు, నభిప్రాయంబు...» దగ్గర ఆగిపోయాను. గుఱించియునా, గ్రహించియునా?

సీతమ్మధార: గుఱించియు. బండి ఱ. గుఱిలోంచి పుట్టిన క్రియ, ఉద్దేశించి అని అర్థం. ఇప్పుడు మనం వాడే «దాని గురించి» కాదు. గ్రహించడం చదివేవాడి పని, గుఱించడం రాసేవాడి పని.

పెదవాల్తేరు: గ్రహించకుండా గురి దేనికి పెడతారు మాస్టారూ? కోబాల్‌లో లెక్క కట్టే కంప్యూట్ వాక్యంలో రౌండెడ్ అన్న మాట లేకపోతే, ఫలితం దాచే గడిలో పట్టని దశాంశాల్ని కోసి పారేస్తుంది. రెండు దశాంశాల గడిలోకి 1249.995 వెళ్తే 1249.99 మిగులుతుంది. జావాలో దశాంశాల్ని కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ వాడి, సగమైతే పైకి సవరించే హాఫ్ అప్ పెడితే 1250.00 వస్తుంది. డబుల్ అనే సంఖ్యారకాన్ని అసలు ముట్టుకోకూడదు, 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. రౌండెడ్ లేకపోవడం రాసినవాడి మరుపా, బ్యాంకు నియమమా? గ్రహించాల్సింది అదే. కాబట్టి నా ఓటు గ్రహించికే.

సీతమ్మధార: అది తేలేదాకా పని ఆపనక్కర్లేదండీ. హాఫ్ అప్ బదులు, మిగిలింది కోసేసే డౌన్ పెట్టండి, పాత ఫలితమే గురి. నియమం మార్చాలంటే తర్వాత విడిగా మార్చుకోవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే, పైసా తేడా వచ్చినప్పుడు అది మార్పిడిలో తప్పో, కావాలని చేసిందో ఎవరూ చెప్పలేరు.

ఎంవీపీ కాలనీ: శ్రీనాథుడి ఊసెత్తి డుమువుల్ని వదిలేస్తే ఎలా? «నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్» అని, సంస్కృతానికి తెలుగు ప్రత్యయాలు అతికించాడంతే అన్నట్టు, పండితులన్నారని ప్రతీతి. జావాలోకి మార్చడమూ అలాగే అవుతుంది. కోబాల్ పేరా, అంటే పేరు పెట్టిన కోడ్ ముక్క, ఒక్కోటీ జావాలో ఒక మెథడ్; కోబాల్ విలువలు దాచుకునే వర్కింగ్ స్టోరేజ్ మొత్తం ప్రోగ్రాం అంతటా పంచుకునే స్టాటిక్ వేరియబుల్స్. ఇలా దించిన జావాకి జోబాల్ అని పేరే ఉంది. పరీక్షలన్నీ నెగ్గుతుంది, సరిదిద్దడానికి మాత్రం జావా వాళ్లూ రారు, కోబాల్ వాళ్లూ రారు. కానీ శ్రీనాథుడికి ఆ నింద తగదు. «గమికర్మీకృతనైకనీవృతుఁడనై» (ఎన్నో దేశాలు తిరిగినవాణ్ణై) అని అంత సంస్కృతం పరిచి, వెంటనే «కంటిన్» (చూశాను) అంటాడు. ఆ ఒక్క క్రియతో పాదమంతా తెలుగైపోయింది. నాకు నైషధమంతటిలో ప్రాణమైన చోటది.

పెదవాల్తేరు: కంటిన్ అందమైనదే, ఒప్పుకుంటాను. నా పేచీ «శబ్దం బనుసరించియు»తో కూడా. సీ భాషలో -7 / 2 అంటే -3. పైథాన్‌లో -7 // 2 అంటే -4, అది కిందివైపుకి దించుతుంది. పైథాన్ 2లో 7 / 2 అంటే 3, పైథాన్ 3లో 3.5. గుర్తు అదే, అర్థం వేరు. శబ్దాన్ని అనుసరించినవాడే ఇక్కడ మునుగుతాడు.

మధురవాడ: పాత, కొత్త ప్రోగ్రాముల ఫలితాలు పోలుస్తుంటే ఖాతాల క్రమమే మారిపోయి వస్తోందట. మొత్తాలు సరిపోతున్నాయి.

సీతమ్మధార: కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్; దాని అక్షర సంకేత పద్ధతి ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. మామూలు కంప్యూటర్ల పద్ధతి ఆస్కీలో అంకెలే ముందు. నివేదిక మాత్రమే అయితే, రెండు ఫైళ్లనీ ఒకే క్రమంలో పేర్చి పోల్చండి. ఆ క్రమాన్ని నమ్ముకుని తర్వాతి ప్రోగ్రాం రెండు ఫైళ్లని జత కలుపుతుంటే మాత్రం, జావాలో ఎబ్సిడిక్ క్రమానికి కంపారేటర్, అంటే ఏది ముందో తేల్చే కోడ్, రాయక తప్పదు. లేకపోతే ఏ దోషం చూపకుండానే కొన్ని ఖాతాలు జత పడకుండా జారిపోతాయి.

ఎంవీపీ కాలనీ: అదే వచనంలోని «అనౌచిత్యంబు పరిహరించియు» ఎవరికీ పట్టలేదేం? ఎవరూ పిలవని పేరాల్ని ముందే కోసేస్తే సగం బరువు తగ్గుతుంది.

సీతమ్మధార: తొందరపడకండి. ఏవేవి నడిచాయో రాసిపెట్టే లాగ్‌లో నెల రోజులు కనిపించనంత మాత్రాన అది చచ్చిన కోడ్ కాదు. మార్చి 31న ఒక్కసారే నడిచే పేరాలుంటాయి. ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం లాగ్ చూశాకే పరిహరించండి.