షేక్‌స్పియర్‌కి అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

జేపీనగర్_తెలుగోడు:
బెంగళూరు రంగశంకర నాటకశాలలో షేక్‌స్పియర్ నాటకం చూసి బయట కాఫీ తాగుతుంటే మా ఆఫీసువాళ్ల మధ్య వాదన మొదలైంది. ఆ కాలం రచయితలకి తిండికే దిక్కుండేది కాదు, ఈయన కూడా పేదవాడిగానే పోయి ఉంటాడని ఒకాయన అంటాడు. నెట్‌లో చూస్తేనేమో సొంతూళ్లో పెద్ద ఇల్లు, పొలాలు కొన్నాడని ఉంది. అప్పట్లో రాయల్టీ లేదు, రచయితకి కాపీరైట్ లేదు. మరి ఆ డబ్బెక్కడిది, తండ్రి ఆస్తా, ఎవరైనా జమీందారు ఇచ్చాడా? లింకులు పడేయకుండా మీ మాటల్లో చెప్పండి, ప్లీజ్.

తెరవెనక_మనిషి:
తండ్రి ఆస్తి కాదండీ. తండ్రి జాన్ వాళ్ల సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతి తొడుగులు తయారుచేసి అమ్మేవాడు, 1568లో ఊరి పెద్దగా కూడా చేశాడు గానీ తర్వాత అప్పుల్లో పడ్డాడు.

జమీందారు సంగతి సగం నిజం. 1592 నుంచి 1594 దాకా ప్లేగు వల్ల లండన్‌లో నాటకశాలలు చాలాకాలం మూసేశారు. ఆ ఖాళీలో రెండు పెద్ద కావ్యాలు రాసి సౌతాంప్టన్ ప్రభువుకి అంకితమిచ్చాడు. ఆయన వెయ్యి పౌండ్లు ఇచ్చాడనే కథ మాత్రం షేక్‌స్పియర్ పోయిన తొంభై ఏళ్లకి, 1709లో అచ్చులోకి వచ్చింది, నేను నమ్మను.

అసలు డబ్బు వాటా మీద వచ్చింది. 1590ల చివర్లో నాటకం రాసిస్తే రచయితకి ఆరు పౌండ్లు అటూ ఇటుగా ఒక్కసారి ముట్టేది, ఆ తర్వాత అది వందసార్లు ఆడినా దానితో అతనికి సంబంధం లేదు. ఈయన అలా రాసిచ్చి వెళ్లిపోయే మనిషి కాదు, 1594 నుంచి లార్డ్ చాంబర్లిన్ వారి నాటక కంపెనీలో నటుడు, రచయిత, భాగస్తుడు మూడూ తనే. 1599లో లండన్‌లో గ్లోబ్ అనే నాటకశాల కట్టినప్పుడు సగం కంపెనీ పాత థియేటరు యజమానులైన బర్బేజ్ అన్నదమ్ములది, మిగతా సగం ఐదుగురు నటులు పంచుకున్నారు, అంటే ఈయనకి పదో వంతు. కింద నిలబడి చూసేవాళ్లు ఒక్కొక్కరూ ఒక పెన్నీ ఇచ్చేవారు, గ్యాలరీ ఎక్కితే ఇంకో పెన్నీ.

గ్లోబ్ పుట్టుక కూడా భలే ఉంటుంది. పాత థియేటరు స్థలం లీజు అయిపోయింది, ఓనరు పొడిగించనంటాడు. స్థలం ఆయనదే గానీ పైన ఉన్న కట్టడం మాది అని, 1598 డిసెంబరు చివర్లో ఆయన ఊళ్లో లేనప్పుడు కంపెనీవాళ్లు వడ్రంగుల్ని తీసుకెళ్లి మొత్తం విప్పేశారు, ఆ కలపతోనే థేమ్స్ నదికి అవతలి ఒడ్డున గ్లోబ్ కట్టుకున్నారు. ఓనరు కోర్టుకెళ్లాడు, లాభం లేకపోయింది.

జేపీనగర్_తెలుగోడు:
ఓహో, అంటే మన స్టార్టప్‌లలో ఉద్యోగులకి ఈసాప్ (ESOP) కింద కంపెనీ షేర్లు ఇచ్చినట్టన్నమాట!

తెరవెనక_మనిషి:
ఈసాప్ కాదు బ్రదర్, నష్టమొస్తే నష్టంలో కూడా వాటా ఉంటుంది. 1613లో నాటకం మధ్యలో ఫిరంగి పేలిస్తే పైకప్పు గడ్డి అంటుకుని గ్లోబ్ మొత్తం కాలిపోయింది.

సురభి_అభిమాని:
డబ్బు సరే, పరువు సంగతి కూడా చూడాలి. 1572 చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేకుండా ఊరూరా తిరిగే నటుడు దేశదిమ్మరి కింద లెక్క, పట్టుకుంటే కొరడా దెబ్బలు, చెవికి వాత. కంపెనీల పేర్లలో ప్రభువుల పేర్లు అందుకే. లండన్ నగర పెద్దలకి నాటకాలంటే గిట్టదు కాబట్టి థియేటర్లు కూడా వాళ్ల అధికారం చెల్లని శివార్లలో వెలిశాయి. అలాంటి వృత్తిలో ఉన్నవాడు 1596లో తండ్రి పేరున కుటుంబానికి వంశచిహ్నం, అంటే పెద్దింటివాళ్లమని చాటే అధికారిక ముద్ర, తెచ్చుకున్నాడంటే ఎంత పట్టుదల ఉండాలి! అదే ఏడాది ఆగస్టులో పదకొండేళ్ల కొడుకు హామ్నెట్ పోయాడు, ఆ చిహ్నం మోయాల్సిన ఒక్కగానొక్క మగపిల్లాడు. మరుసటేడు న్యూ ప్లేస్ కొన్నాడు, ఊళ్లో అంతకన్నా పెద్ద ఇల్లు ఒక్కటే ఉండేదంటారు.

అన్నట్టు ఆడవేషాలన్నీ మగపిల్లలే కట్టేవారు, ఆడవాళ్లు అక్కడ రంగస్థలం ఎక్కింది 1660 తర్వాతే. మన స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్నవాళ్లకి ఇదేం వింత కాదులెండి.

నిక్కచ్చి_మాట:
ఆయన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి. 1590ల మధ్యలో వరసగా వానలు, పంటలు పోయి జనం ఆకలితో ఉన్నారు. 1598లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎవరింట్లో ఎంత ధాన్యం దాచారో లెక్క తీస్తే ఈయన పేరున పది క్వార్టర్ల (అప్పటి ధాన్యం కొలత) మాల్ట్ తేలింది. మాల్ట్ అంటే బీరు కాయడానికి మొలకెత్తించి ఎండబెట్టే బార్లీ. ఆ తర్వాత 1604లో మాల్ట్ బాకీ తీర్చలేదని ఒకాయన మీద కోర్టుకి కూడా వెళ్లాడు. పక్కా వ్యాపారి.

తెరవెనక_మనిషి:
ఆ లిస్టులో ఊళ్లో చాలామంది ఉన్నారండీ, ఆ ఊరి ప్రధాన వ్యాపారమే మాల్ట్. అయినా వ్యాపారి అన్నమాట కాదనను. 1602లో 320 పౌండ్లకి 107 ఎకరాలు కొన్నాడు, ఆ ఊరి బడిపంతులు జీతం ఏడాదికి 20 పౌండ్లు, లెక్కేసుకోండి.

జేపీనగర్_తెలుగోడు:
ఇంత లెక్కల మనిషి నాటకాలన్నీ తనే అచ్చు వేయించి ఎందుకు అమ్ముకోలేదు?

సురభి_అభిమాని:
ఎందుకంటే రాసిచ్చాక అవి కంపెనీ సొత్తు. పైగా ఆ రోజుల్లో అచ్చుపుస్తకం మీద వచ్చేది ముద్రించేవాడికే, పది కాలాలపాటు డబ్బు తెచ్చేది ప్రదర్శన. వీలునామాలో ముగ్గురు తోటి నటులకి ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు, నాటకాల ఊసే లేదు. 1616లో ఆయన పోయాక ఆ ముగ్గురిలో ఇద్దరు, హెమింజెస్, కాండెల్, 1623లో 36 నాటకాలు కలిపి పెద్ద పుస్తకంగా తెచ్చారు. వాటిలో సగం అంతకుముందు అచ్చయినవి కావు, మాక్‌బెత్‌తో సహా.