బీగం పగలకుండా దొంగతనం జరిగితే ఇన్సూరెన్స్ రాదా?

గాంధీరోడ్ కొట్టు:
తిరుపతి గాంధీ రోడ్డులో మాది స్టీలు సామాన్ల కొట్టు. దీపావళికి ముందు రాత్రి డూప్లికేట్ బీగంచెవితో షట్టర్ తీసి సరుకు ఎత్తుకుపోయారు. పొద్దున పోయి చూస్తే బీగం కొక్కేనికి వేలాడతా ఉంది, మీద గీత కూడా పడలేదు. ఎఫ్‌ఐఆర్‌లో ‘బీగం తీసి’ అనే రాశారు. బలవంతంగా చొరబడితేనే బర్గ్లరీ అని కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపింది. పదకొండేళ్లుగా ప్రీమియం కడుతున్నా. కేసు వేస్తే నిలబడుతుందా?

చిత్తూరు ఏజెంట్:
కష్టం అన్నా. 2004లో హర్‌చంద్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. బలప్రయోగంతో లోపలికొచ్చి చేసిన దొంగతనమే బర్గ్లరీ అని పాలసీలో రాసుంటే, ఆ అర్థమే తీసుకోవాలి. మామూలు దొంగతనానికి డబ్బు రాదు. 2016లో ఒరిస్సా ఇండస్ట్రియల్ ప్రమోషన్ కార్పొరేషన్ కేసులోనూ అంతే. కోర్టు మనకోసం కొత్త ఒప్పందం రాసిపెట్టదు, 1966 నాటి చాంద్‌మల్ జైన్ తీర్పు నుంచీ ఉన్న మాట ఇది.

వకీలు తిరుపతి:
ఆ 1966 తీర్పులో సగం వదిలేశారు సార్. మాటకు రెండర్థాలు వస్తే కంపెనీకి వ్యతిరేకంగా ఉన్న అర్థమే తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. రాసింది కంపెనీ కాబట్టి.

చిత్తూరు ఏజెంట్:
‘బలవంతంగా’ అన్న మాటకు రెండో అర్థం ఏముంది, చెప్పండి.

పలమనేరు:
వేరే వాళ్ల బీగంలో దొంగ చెవి పెట్టి తిప్పడం బలవంతం కాదా?

చిత్తూరు ఏజెంట్:
కాదు. బీగం పగలాలి, గోడకు కన్నం పడాలి, లేదా మనిషిని బెదిరించాలి.

పలమనేరు:
అంటే దొంగ తెలివైనవాడైతే నష్టం మనది, మొరటోడైతే కంపెనీది. బాగుంది.

పుత్తూరు అమ్మాయి:
మా నాన్న గుండె ఆపరేషన్‌కు కూడా ఇట్లాగే ఎగ్గొట్టారు. షుగర్ ముందే ఉందన్నారు. గాజులు కుదువ పెట్టి బిల్లు కట్టినాం. వీళ్లందరూ ఒకటే.

చిత్తూరు ఏజెంట్:
అది హెల్త్ పాలసీ తల్లీ, దానికీ దీనికీ కలపొద్దు. కొట్టు అన్నా, సంతకం పెట్టేముందు షరతులు చదువుకోవాల్సింది మీరే కదా. ఇప్పుడు బాధపడి ఏం లాభం?

గాంధీరోడ్ కొట్టు:
ఏం చదవమంటావయ్యా! ఏటా వాట్సాప్‌లో ఒక్క షీటు పంపిస్తారు. పేరు, మొత్తం, తేదీ. షరతుల పుస్తకం ఈ పదకొండేళ్లలో నా కంటపడలేదు. మా ఆవిడ నగలు అమ్మి సరుకు తెచ్చుకున్నా. నాకు నీతులు చెప్పొద్దు.

వకీలు తిరుపతి:
ఈ మాట మొదటే చెప్పాల్సింది సార్! బీగం సంగతి పక్కన పెట్టండి. 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసు కూడా బలప్రయోగం లేని దొంగతనమే. మినహాయింపు షరతులు పాలసీదారుకు అందజేయలేదు కాబట్టి వాటిని అడ్డం పెట్టుకుని క్లెయిమ్ ఆపడానికి లేదని సుప్రీంకోర్టు కంపెనీ మీద తీర్పిచ్చింది. హర్‌చంద్ రాయ్ కేసుకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

చిత్తూరు ఏజెంట్:
అయితే కాగితాలివ్వకుండా మోసం చేసేది మేమన్నమాట. ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలో బండేసుకుని తిరుగుతున్నా. పుస్తకం చేతిలో పెడితే కవరు కూడా చించరు, బీరువాలో పడేస్తారు. ఇవ్వడం మా పని. కూర్చోబెట్టి చదివించడం కూడా మా పనేనా?

వకీలు తిరుపతి:
ముఖ్యమైన మినహాయింపు నోటితో చెప్పడం మీ పనే. కొట్టు బీగం వేసి తీసే మనిషికి ‘బీగం పగలకపోతే రూపాయి రాదు’ అని తెలుగులో ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

చిత్తూరు ఏజెంట్:
అట్లా చెబితే ఎవరూ పాలసీ తీసుకోరు సార్.

పలమనేరు:
ఇప్పుడు బయటపడింది.

వకీలు తిరుపతి:
కొట్టు సార్, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లే గడువు. తిరస్కరించిన ఉత్తరం, ఆ షీట్లు అన్నీ దాచండి.

చిత్తూరు ఏజెంట్:
ఆ షీటు అడుగున ‘జతపరచిన షరతులకు లోబడి’ అని ఉంటుంది, చూడన్నా.

గాంధీరోడ్ కొట్టు:
ఉంది, ఇంగ్లీషులో. జతపరిచింది మాత్రం ఏమీ లేదు.

చిత్తూరు ఏజెంట్:
మెయిల్‌కు పంపించి ఉంటారు. స్పామ్‌లో కూడా వెతుకు.