ఎండాకాలంలో స్ట్రిప్ క్లబ్‌కి మగవాళ్లు ఏం వేసుకెళ్తే బాగుంటుంది?

కొత్తవాడు
ఫ్రెండ్ పెళ్లి దగ్గరపడింది. బ్యాచిలర్ పార్టీకి స్ట్రిప్ క్లబ్ అని మా గ్యాంగ్ డిసైడ్ చేసేశారు. నేనెప్పుడూ వెళ్లలేదు. రాత్రి పదింటికి కూడా చొక్కా వీపుకి అతుక్కునేంత ఉక్కపోత. షార్ట్స్, టీషర్ట్‌తో వెళ్తే రానిస్తారా? వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

నైట్‌షిఫ్ట్
షార్ట్స్ సంగతి మర్చిపోండి బాస్. కొన్నిచోట్ల ఎవరూ పట్టించుకోరు. కాస్త పెద్ద క్లబ్ అయితే మాత్రం షార్ట్స్, చేతుల్లేని బనియన్లు, హవాయి చెప్పులు, ట్రాక్ ప్యాంట్లు చూస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అక్కడ బౌన్సర్‌తో వాదించి గెలిచినవాణ్ని నేనైతే చూడలేదు. ముందే ఫోన్ చేసి డ్రెస్ కోడ్ కనుక్కోండి. ఐడీ కార్డు మాత్రం తప్పనిసరిగా జేబులో ఉండాలి.

కాటన్‌బాబు
ఉక్కపోతకి అసలు మందు బట్టలోనే ఉంది. పల్చటి కాటన్ గానీ, లినెన్ గానీ వేసుకోండి. లినెన్‌లోంచి గాలి బాగా ఆడుతుంది, చెమట పీల్చుకుని తొందరగా ఆరిపోతుంది. నలుగుతుంది, నిజమే. ఆ చీకట్లో ఇస్త్రీ మడతలు లెక్కపెట్టేదెవరు? పాలిస్టర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, చెమట వాసన పట్టిందంటే వదలదు.

రంగు కూడా చూసుకోండి. చెమట మరక లేత బూడిద రంగు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది, లేత నీలం కూడా అంతే. నేవీ బ్లూ, నలుపు అయితే దాచేస్తాయి. కింద పల్చటి చినోస్ (కాటన్ ప్యాంటు), కాళ్లకి లోఫర్లు (లేసుల్లేని బూట్లు) చాలు. ఇంకో మాట, చెమట పట్టకుండా ఆపే యాంటీపర్స్పిరెంట్‌ని బయల్దేరే ముందు కాదు, ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు పొడి చంకలకి రాస్తే బాగా పనిచేస్తుంది.

కొత్తవాడు
తెల్ల చొక్కా ఓకేనా అన్నా? చల్లగా ఉంటుందని.

డీజేలైట్స్
చాలా క్లబ్బుల్లో బ్లాక్‌లైట్ ఉంటుంది, అంటే అతినీల లోహిత కాంతి. బట్టల సబ్బుల్లో తెలుపు కోసం కలిపే బ్రైటెనర్లు ఆ కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతాయి. తెల్ల చొక్కా వేసుకున్నవాడు హాలంతటికీ ట్యూబ్‌లైట్‌లా కనిపిస్తాడు. నల్ల చొక్కాతో ఇంకో తంటా, మీద పడ్డ తెల్లటి నూలుపోగులన్నీ మెరుస్తాయి. బయల్దేరే ముందు ఒకసారి దులుపుకోండి. నా ఓటు నేవీ బ్లూకి.

సింపుల్‌గాడు
ఇంత టెన్షన్ అవసరమా భయ్యా? అక్కడ నిన్ను చూడ్డానికి ఎవడొస్తాడు!

బార్‌కౌంటర్
చూస్తారండీ, డాన్సర్లు చూస్తారు. నేను అలాంటి చోట కౌంటర్లో పనిచేశాను. శుభ్రంగా వచ్చినవాడితో మాట్లాడే తీరే వేరు. వాళ్లకి చిరాకు తెప్పించేది ఎక్కువగా చెమట కంపే, ఆ తర్వాత దాన్ని కప్పడానికి సీసాడు సెంటు కుమ్మరించుకోవడం. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, సెంటు ఒక్కసారి కొట్టుకుంటే చాలు.

ల్యాప్ డాన్స్, అంటే డాన్సర్ మీ ఒళ్లోకి వచ్చి ఆడేది ఉంటే, పెద్ద బకిల్ ఉన్న బెల్టు, ముందు జేబులో తాళాల గుత్తి, చొక్కా జేబులో పెన్ను తీసెయ్యండి. వాళ్ల ఒంటికి గీసుకుంటాయి. పల్చగా ఉందని మెత్తటి జిమ్ ప్యాంటు వేసుకొచ్చేవాళ్ల ఉద్దేశం డాన్సర్లు చూడగానే పసిగడతారు, మర్యాదగా ఉండదు. ఫోన్ జేబులోంచి తియ్యకండి, ఫొటో అన్న మాటే వద్దు. టిప్పుకి చిన్న నోట్లు విడిగా పెట్టుకుంటే పర్సు మాటిమాటికీ తియ్యక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్
డాన్సర్లు ఒంటికి పూసుకునే గ్లిటర్ సంగతి చెప్పలేదేం! ఖరీదైన చొక్కా వేసుకెళ్లొద్దు తమ్ముడూ. ఆ మెరుపులు అంటుకుంటే సెలోటేప్‌తో ఒత్తి ఒత్తి తియ్యాలి, అయినా కొన్ని మిగులుతాయి.

కాటన్‌బాబు
లోపల ఏసీ గట్టిగానే వేస్తారు. చెమట చొక్కాతో కూర్చుంటే వణుకు పుడుతుంది. పొడుగు చేతుల చొక్కా అయితే బయట మడుచుకోవచ్చు, లోపల దించుకోవచ్చు.

కొత్తవాడు
అయితే నేవీ లినెన్, చినోస్, లోఫర్లు ఫిక్స్. కానీ ఇప్పుడే తెలిసింది, మావాళ్లు అందరికీ ఒకేలా టీషర్టులు ప్రింట్ చేయించారట. పెళ్లికొడుకు ఫొటోతో. తెల్లవి.

డీజేలైట్స్
😂😂

నైట్‌షిఫ్ట్
గుంపుగా ఒకే టీషర్టుల్లో వస్తే కొన్నిచోట్ల లోపలికే పంపరు. వాటిని డిన్నర్‌కి వాడేసుకోమనండి. కారులో తలా ఒక కాలర్ చొక్కా పెట్టుకోండి. పెళ్లికొడుక్కి రెండు.