వ్యవసాయ కళాశాల వార్షికోత్సవానికి నాయకత్వం ఎవరిది: విద్యార్థులదా, డీన్‌దా?

పొలంగట్టు (చర్చ ప్రారంభం)

మా విశ్వవిద్యాలయంలోని వ్యవసాయ కళాశాల ఏటా ఒక రోజు తన పొలాలను, పశువుల కొట్టాలను, ప్రయోగశాలలను ప్రజల కోసం తెరిచి ఉంచుతుంది. ఆ ఏర్పాట్లన్నీ ఇంతకాలం విద్యార్థుల సంఘమే చూసుకుంటూ వచ్చింది. కిందటి ఉత్సవంలో సందర్శకులు ఫొటోల కోసం కోతకు వచ్చిన ప్రయోగ మడుల్లోకి దిగడంతో ఒక పరిశోధక విద్యార్థి దిగుబడి లెక్కలు పాడైపోయాయి. ఒక మడి పోతే గణాంక పద్ధతుల్లో సర్దుకునే వీలుంటుంది గానీ, ఒకే మోతాదు ఎరువు వేసిన నాలుగు మడుల్లో మూడు తొక్కుడుపడితే ఆ మోతాదు గురించి నమ్మకంగా చెప్పడానికి దాదాపు ఏమీ మిగలదు. అప్పటినుంచి ఉత్సవాన్ని పూర్తిగా డీన్ కార్యాలయం కిందికి తేవాలనే ప్రతిపాదన నడుస్తోంది. నేను ఇక్కడ బోధిస్తున్నాను, ఆ నష్టాన్ని కళ్లారా చూశాను, అయినా ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను.

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో, నేటి విశ్వవిద్యాలయం ఇంకా యూనివర్సిటీ ఫార్మ్‌గా ఉన్న రోజుల్లో, 1909లో కొత్తగా కట్టిన పాడి పశువుల కొట్టాన్ని చూడ్డానికి రమ్మని ప్రజలను పిలిచారు. అదే పిక్నిక్ డే అనే వార్షికోత్సవమైంది. కొద్ది ఏళ్లకే దాని బాధ్యత విద్యార్థులు అందుకున్నారు, ఆ తర్వాత దశాబ్దాల పాటు వారే నడిపారు. నేల పొరలు కనబడేలా తవ్విన గుంతలో నిలబడి, పైనున్న నల్లమట్టికీ అడుగునున్న గట్టి బంకమట్టికీ తేడాను తెలియని మనిషికి వివరించగలిగిన విద్యార్థికి ఆ పాఠం నిజంగా వంటబట్టినట్టే. ఆ అవకాశాన్ని ఉద్యోగుల చేతిలో పెడితే ఉత్సవం సక్రమంగా జరుగుతుందేమో గానీ, కళాశాల తన అసలు పని పోగొట్టుకుంటుంది.

నాగలిచాలు

పొలంగట్టు గారి ఆవేదన అర్థమవుతోంది గానీ, మంచి ఉదాహరణ ఒక్కటే చెప్పి ఊరుకోవడం సరికాదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో 1922లో మొదలైన వీషా ఉత్సవం కూడా విద్యార్థులు నడిపినదే, అక్కడి విభాగాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన దాని పేరులో ఒక అక్షరం వ్యవసాయానిది. 2014లో ఆ వారం వీధుల్లో అల్లర్లు జరిగాక, విశ్వవిద్యాలయం దాన్ని శాశ్వతంగా ఆపేసింది. తొంభై ఏళ్లకు పైబడిన సంప్రదాయం అలా ముగిసింది. ప్రదర్శనలు పెట్టిన విద్యార్థులు ఆ అల్లర్లు చేశారని నేను అనడం లేదు. వేల మంది జనాన్ని పిలిచినప్పుడు జరగరానిది జరిగితే జవాబు చెప్పుకోవలసింది సంస్థాధిపతి అయినప్పుడు, నిర్ణయాధికారం మాత్రం మరొకరి చేతిలో ఎలా ఉంటుందని అడుగుతున్నాను.

పశువుల డాక్టరు

మీరిద్దరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. డేవిస్ ఉత్సవాన్నే తీసుకుంటే, 1924లో కాలిఫోర్నియాలో గాలికుంటు వ్యాధి ప్రబలినప్పుడు దాన్ని రద్దు చేశారు. ఆ వైరస్ బూట్ల అడుగున, బట్టల మీద, బండి చక్రాల మీద కూడా ప్రయాణిస్తుంది కనుక, కొట్టంలోకి జనాన్ని పంపాలా వద్దా అన్నది నెలల తరబడి శ్రమపడిన విద్యార్థుల ఉత్సాహాన్ని బట్టి తేల్చే విషయం కాదు. అలాగని డీన్ తేల్చేదీ కాదు. అది పశువుల ఆరోగ్యం చూసే డాక్టరు తేల్చాలి, ఆయన వద్దన్నాక ఇక చర్చ ఉండకూడదు.

మరొక్క మాట. కొన్ని కళాశాలల్లో ఆవు పక్కటెముకల వెనుక శస్త్రచికిత్సతో రంధ్రం చేసి, రబ్బరు మూత అమర్చి, గ్లవ్స్ వేసుకున్న చేతిని రూమెన్ అనే మొదటి పొట్టలోకి పెట్టనిస్తారు. దాదాపు 39 డిగ్రీల వెచ్చదనంలో, నానిన గడ్డి మధ్య మన చేయి ఉన్నప్పుడు, దాన్ని అరిగించేది ఆవు ఒక్కటే కాదని, కోట్లాది సూక్ష్మజీవులని చెబితే ఎవరూ మరచిపోరు. ఈ ప్రదర్శన ఉండాలనే అంటాను. అయితే ఆవు ఇక చాలన్నట్టు కాలు మార్చి కాలు వేస్తున్నప్పుడు వరుసలో ఎందరు మిగిలి ఉన్నా మూత బిగించగలిగినవాళ్లే అక్కడ నిలబడాలి.

చివరి ఏడాది

నేను విద్యార్థినిని, పశు ప్రదర్శన బృందంలో పనిచేశాను. బరిలోకి తీసుకెళ్లే దూడకు వారాల ముందునుంచే పలుపు అలవాటు చేయాలి. అది మొండికేసినప్పుడు ఎదురుగా నిలబడి లాగితే కాళ్లు ఇంకా బిగబడుతుంది. భుజం పక్కకు వచ్చి, పలుపు కాస్త వదులు చేసి, అది ఒక్క అడుగు వేయగానే పట్టు పూర్తిగా సడలిస్తే నడక నేర్చుకుంటుంది. నాయకత్వం గురించి తరగతిలో విన్న ఉపన్యాసాలకంటే ఇది నాకు ఎక్కువ నేర్పింది.

సందర్శకులు తప్పకుండా అడిగే ప్రశ్న, ఈ దూడను తర్వాత ఏం చేస్తారని. మాంసం కోసం పెంచుతున్న దూడ అయితే అది కబేళాకు వెళుతుందని నేను చెప్పాను. కొందరు ముఖం తిప్పుకున్నారు, ఒక పాప ఏడ్చింది. వాళ్ల అమ్మ మాత్రం ఆగి, దాన్ని ఎలా పెంచారో, ఏం పెట్టారో, బాధ లేకుండా ఎలా చూస్తారో చాలాసేపు అడిగింది. జీవాన్ని పండుగ చేసుకుంటున్నామని ఫలకాల మీద రాసుకునే కళాశాల ఈ ప్రశ్నను దాటవేస్తే ఆ రాతకు విలువ లేదు. డీన్ కార్యాలయం నడిపే ఉత్సవంలో ఈ ప్రశ్నకు ముందే ఒక మెత్తని వాక్యం రాసి మా చేతికిస్తారని నా భయం.

పొలంగట్టు

డాక్టరు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జబ్బుల విషయంలో డాక్టరుకూ, ప్రయోగ మడుల విషయంలో వ్యవసాయ క్షేత్ర పర్యవేక్షకునికీ ఎదురులేని అధికారం ఇచ్చి, మిగతాదంతా విద్యార్థులకు వదిలేయాలని నా ప్రతిపాదన. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1876లో మొదలైన ‘మారో ప్లాట్స్’ అనే ప్రయోగ మడులు ఇప్పటికీ ప్రాంగణం నడిమధ్యన ఉన్నాయి. వాటి పక్కనే గ్రంథాలయం కట్టవలసి వచ్చినప్పుడు, మొక్కజొన్న మీద నీడ పడకూడదని దాన్ని భూగర్భంలో కట్టారు. డీన్‌ల నుంచి నేను కోరుకునే నాయకత్వం ఇలాంటిది. పైరుకు ఎండ తగులుతోందో లేదో వాళ్లు చూసుకుంటే చాలు, వేదిక మీద మైకు ఎవరు పట్టుకోవాలో విద్యార్థులు తేల్చుకుంటారు.

నాగలిచాలు

ఆ విభజనకు నేను ఒప్పుకుంటాను. అయితే పర్యవేక్షకుడు మూయమన్న దారిని ఉత్సవం నాటి ఉదయం ఎవరైనా తెరిస్తే, జవాబుదారీ ఎవరిదో ముందే కాగితం మీద రాసి సంతకాలు తీసుకోవాలి. కిందటిసారి మడుల చుట్టూ తాడు కట్టే ఉంది. దాన్ని విప్పిందెవరో నేటికీ ఎవరూ చెప్పలేదు.