పాత కారు ఇంజిన్ వేడెక్కుతోంది: హెడ్ దింపించాలా, వద్దా?

మాది హన్మకొండ. 2009 మోడల్ పెట్రోల్ కారు వాడుతున్నాము. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది గానీ, కరీంనగర్ వైపు ఏసీ వేసుకుని వేగంగా వెళితే హుజూరాబాద్ చేరేలోపే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఫ్యాన్ తిరుగుతోంది, కింద ఎక్కడా నీటి చుక్క కనబడదు, అయినా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోతూనే ఉంది. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే, అది వేడెక్కక ముందే, రేడియేటర్ పై హోస్ రాయిలా బిగుసుకుంటోంది. కూలెంట్ డబ్బాలో బుడగలు కూడా వస్తున్నాయి. ఆయిల్ మాత్రం పాలు కలిసినట్టు తెల్లబడలేదు.

ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దింపి లేత్‌లో ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలని, మొత్తం 38 వేలు అవుతుందని అన్నారు. మరొకరు ముందు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు), రేడియేటర్ మారిస్తే 9 వేలతో పోతుందంటున్నారు. బుడగలను బట్టి నాకు మొదటి మాటే నిజమనిపిస్తోంది, అయితే ఆయన ఏ పరీక్షా చేయకుండానే చెప్పారు.

హెడ్ దింపే ముందు కంప్రెషన్ టెస్టుతో (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్షతో) గ్యాస్కెట్ సంగతి కచ్చితంగా తేలుతుందా, లేక కూలెంట్‌లో పొగ కలుస్తోందో లేదో చూసే రసాయన పరీక్ష కూడా కావాలా? వరంగల్, కాజీపేటల్లో ఇవి ఎక్కడ చేస్తారు? పదిహేనేళ్లు దాటి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించుకున్న ఈ బండికి లక్షకు మించి ధర రాదు కనుక, ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? ఇలాంటి పని చేయించినవారు దయచేసి తెలుపగలరు.