ఎల్‌పీఎస్ ఇచ్చిన ఎలుకల్లో ఉదయానికీ సాయంత్రానికీ ఐఎల్-6 తేడా రావడం లేదు

బెంగళూరులో ల్యాబ్. సీ57 బ్లాక్ 6 అనే ల్యాబ్ జాతి మగ ఎలుకలు, 10 వారాలవి, గ్రూపుకి 6. లైట్లు ఉదయం 6కి వెలిగి సాయంత్రం 6కి ఆరతాయి, 3 వారాలుగా ఇదే పద్ధతి. ఈకొలై ఎల్‌పీఎస్ (ఆ బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం, ఎండోటాక్సిన్ అన్నా ఇదే) కిలో బరువుకి 1 మిల్లీగ్రాము, పొట్ట కుహరంలోకి ఇంజెక్షన్. ఒక గ్రూపుకి లైట్లు వెలిగే వేళ, ఇంకోదానికి ఆరే వేళ. 90 నిమిషాలకు రక్తం తీసి సీరంలో ఐఎల్-6 (వాపు కలిగించే సంకేత ప్రోటీను) ఎంతుందో ఎలైసా (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష).

సాయంత్రం గ్రూపులో ఎక్కువ రావాలి. ఎండోటాక్సిన్‌కి ఎలుకల చావు ఇచ్చిన వేళను బట్టి మారుతుందని 1960లోనే హాల్బర్గ్ బృందం చూపించింది. నాకు మాత్రం మూడుసార్లూ రెండు గ్రూపులూ కలిసిపోయాయి.

ఎల్‌పీఎస్ ట్యూబు గోడలకు అంటుకుంటుంది కదా, వాడే ముందు ప్రతిసారీ సోనికేట్ చేశాను (ధ్వని తరంగాలతో కుదిపాను). చీకట్లో పనికి మసక ఎర్రలైటే. తలుపు అద్దంలోంచి కారిడార్ ట్యూబ్‌లైటు సరిగ్గా పై వరుస బోనుల మీద పడుతోంది (ఎవరూ చూడని చోటు అదే!), నల్ల కాగితం అంటించాను. సీరం 200 రెట్లు పలచన చేస్తే రీడింగులు స్టాండర్డ్ కర్వ్ మధ్యలోనే ఉన్నాయి. ఎల్‌పీఎస్ ఇవ్వని ఎలుకల కాలేయం 4 గంటలకోసారి చూస్తే శరీర గడియారపు జన్యువులు బీమాల్1, రెవ్-ఎర్బ్ ఆల్ఫా ఊగుతూనే ఉన్నాయి, కాబట్టి గడియారం ఆగలేదు.

ఇక అనుమానం మోతాదు మీదే. మాక్రోఫేజ్‌లు (ఎల్‌పీఎస్‌కి స్పందించి ఐఎల్-6 వదిలే రోగనిరోధక కణాలు) ఏ వేళైనా పూర్తిస్థాయిలో స్పందించేస్తే తేడా కనబడదు. ఇదే జాతిలో ఉదయం-సాయంత్రం తేడా స్పష్టంగా చూసినవాళ్లు కిలోకి ఎంత ఎల్‌పీఎస్ ఇచ్చారు?