‘అమ్మోరు’ హాల్లో చూసినవాళ్లు ఉన్నారా? మీ ఊళ్లో ఎలా జరిగిందో చెప్పండి

గోదారిగట్టు:
మొన్న ఆదివారం మా అమ్మాయికి ఇంట్లో టీవీలో ‘అమ్మోరు’ పెట్టి చూపించాను. పదేళ్ల పిల్ల. శ్రద్ధగానే చూసింది. సౌందర్య ఏడుస్తుంటే తనూ కళ్లు తుడుచుకుంది. అంతా అయ్యాక, "చిన్నప్పుడు దీనికి భయపడ్డావా అమ్మా?" అని అడిగింది. భయం కాదే, ఇంకేదో అన్నాను. ఆ ఇంకేదో ఏమిటో దానికి చెప్పలేకపోయాను. రెండు రోజుల నుంచీ అదే మనసులో తిరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. సినిమా 1995 నవంబర్ 23న విడుదలైంది గానీ, మా దగ్గర హాలుకి ప్రింటు వచ్చేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది. మా అమ్మమ్మ సినిమా మొహం చూసి అప్పటికి ఎన్నేళ్లయిందో. ఆవిడ పొద్దున్నే తలంటుకుని, కాళ్లకి పసుపు రాసుకుని, చలిమిడి చేసి అరిటాకులో కట్టుకుని బయల్దేరింది. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి మా వీధి ఆడవాళ్లందరం ఎక్కాం. హాలు ముందు తాటాకు పందిరేసి అమ్మవారి బొమ్మ నిలబెట్టారు. అక్కడ కొబ్బరికాయ కొట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. ఎవరూ చెప్పలేదు, అందరూ విడిచేశారంతే. నేల టికెట్టు వాళ్లే కాదు, కుర్చీ టికెట్టు వాళ్లూ విడిచారు. చీకట్లో వేరుశెనక్కాయ తొక్కల మీద ఉత్తి కాళ్లతో నడిచిన ఆ గరగర నాకిప్పటికీ అరికాళ్లలో ఉంది.

చివర్లో భవాని, అదే మన సౌందర్య, ఎంత మొత్తుకున్నా విగ్రహం పలకదు చూడండి, అక్కడ మా అమ్మమ్మ లేచి నిలబడింది. "ఇంకా ఎంతసేపే తల్లీ, పిల్ల చచ్చిపోతోందే!" అని తెరకేసి గట్టిగా అరిచింది. హాలంతా లేచింది. రమ్యకృష్ణ ఉగ్రరూపంలో విగ్రహంలోంచి వచ్చేసరికి నాకు తెర కనబడలేదు, అన్నీ లేచిన చేతులే. ఎవరి చంకలోంచో తల దూర్చి చూశాను.

పాలమూరు పోరడు:
అక్కా, నువ్వు రాసింది సదువుతుంటే ఒళ్లు జలదరించింది. మాది నారాయణపేట దిక్కు. మా అవ్వ పోచమ్మకు బోనమెత్తే మనిషి. నేను రెండో తరగతిల ఉన్న. మా బాపు బండి కట్టి అందర్ని తోల్కపోయిండు.

మా దగ్గర ఏమైందంటే, సినిమా నడుస్తుండగనే బెంచీల మీద కూసున్న ఒకామెకు సిగమొచ్చింది. జుట్టు ఇరబోసుకొని ఊగుతున్నది. మొదలు పిల్లలం భయపడ్డం. పెద్దోళ్లు మాత్రం ఇండ్ల ముంగట అయినట్టే చూసిన్రు. గేటుకాడున్న తాత ఉరికిపోయి యాపమండలు తెచ్చిండు. రీలు ఆపిన్రు, లైట్లు ఏసిన్రు. మా అవ్వ ముంగటికి పోయి పసుపునీళ్లు చల్లి, "ఏం గావాలె తల్లీ, ఎందుకొచ్చినవు" అని అడిగింది. "నా గుడికి సున్నమెయ్యక మూడేండ్లాయె, నన్ను మరిసిన్రు" అన్నది ఆమె. తప్పయింది తల్లీ, ఏస్తమని అందరు దండం పెట్టిన్రు. అప్పుడు సల్లబడ్డది. లైట్లు తీసిన్రు, మళ్ల సినిమా నడిచింది. మరుసటి ఐతారం ఊరు ఊరంత గల్సి పోచమ్మ గుడికి సున్నమేసిన్రు. నేను గూడ చిన్న చెంబుతోని నీళ్లు మోసిన.

ఫ్రేము లెక్క:
నేను గ్రాఫిక్స్ పనిలోనే ఉన్నాను, హైదరాబాద్‌లో. ఈ పనిలోకి రావడానికి కారణం కూడా ఆ సినిమాయే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మనకి తెర మీద మాయలు కొత్త కాదు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ వచ్చాయి. రెండింటికీ కెమెరా మార్కస్ బార్ట్‌లీ. అవన్నీ కెమెరాలోనే, నెగటివ్ మీదే చేసిన ట్రిక్కులు. ‘అమ్మోరు’ నాటికి హాలీవుడ్లో 1991లో ‘టెర్మినేటర్ 2’, 1993లో ‘జురాసిక్ పార్క్’ వచ్చేశాయి. అలాంటి కంప్యూటర్ పనిని మన పల్లెటూరి అమ్మవారి కథలోకి తేవాలని నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి గారికి తోచడమే పెద్ద సంగతి. అప్పట్లో సినిమాలు డిజిటల్ కెమెరాలతో తీసేవాళ్లు కాదు. తీసిన ఫిల్మును ఒక్కో ఫ్రేము చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించాలి. సెకనుకి 24 ఫ్రేములు. బొమ్మ మీద బొమ్మ అతికించి, రంగులు కలిపి, మళ్లీ ఫిల్ము మీదకి దింపాలి. ఆ పని లండన్‌లో చేయించారు. పది సెకన్ల షాటంటే 240 ఫ్రేములు. ఒక్కదాంట్లో అంచు తేడా వచ్చినా తెర మీద అదురుతుంది.

అసలు మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది. మొదట వేరే దర్శకుడితో తీసిన భాగం నచ్చక దాన్ని పక్కన పెట్టి, కోడి రామకృష్ణ గారితో మళ్లీ తీయించారు. అంత డబ్బు, అన్నేళ్లు పోతుంటే ఓర్చుకోవడం ఎవరివల్లవుతుంది! ఆ తర్వాత వాళ్లిద్దరే ‘అంజి’ తీశారు, 2009లో ‘అరుంధతి’ తీశారు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇప్పుడు చూస్తే కొన్ని షాట్లలో అతుకులు కనబడతాయి. నేపథ్యం వెలుగు ఒక వైపు నుంచి, మనిషి మీద వెలుగు ఇంకో వైపు నుంచి పడుతుంది. నా కంటికి అదే ముందు తగులుతుంది.

గోదారిగట్టు:
అతుకులు మా అమ్మాయికీ కనబడ్డాయండీ. "ఇక్కడ వేరేగా ఉంది" అని వేలు పెట్టి చూపించింది. కానీ పాలమూరు తమ్ముడు చెప్పిన హాల్లో కూర్చుని ఉంటే మీకు గానీ దానికి గానీ కనబడేవా? వెలుగు ఎటు నుంచి పడిందో చూసే కన్ను ఆ రోజు ఎవరికుంది?

ఫ్రేము లెక్క:
లేదండీ, నాకూ కనబడలేదు. నాకప్పుడు పదకొండేళ్లు, ఖమ్మంలో చూశాను. మా నాన్న చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకున్నానట. ఆయన చాలా రోజులు అందరికీ ఆ గాటు చూపించేవారు.

గంగమ్మ తోపు:
మాది రాయచోటి పక్క పల్లె. అందరూ అమ్మవారిని తలుచుకుంటాండారు, నేను సినిమాలో విలను గోరఖ్ గురించి చెప్పాల. రామిరెడ్డిని చూసినాక నాకు మూడు నెలలు ఒంటిగా బయటికి పోయే ధైర్యం లేకపాయ.

ఆయప్ప మా పక్క చిత్తూరు జిల్లావాడే. సినిమాలకు రాకముందు జర్నలిస్టు. 1989లో ‘అంకుశం’లో విలనుగా వచ్చినాడు, దానికీ ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు. ‘అమ్మోరు’ నాటికి నాకు ఆరేండ్లు. సగం సినిమాలో కరెంటు పాయ. హాలు జనరేటరు పట్టుకునేలోపల ఆ చీకట్లో పిల్లోళ్లందరం ఒకటే ఏడుపు. నేను మా జేజి చీర కొంగు తలమింద కప్పుకొని ఆమె ఒళ్లో మొహం పెట్టుకున్నా. కొంగు నిండా కర్పూరం వాసన. "వాడు రాడు లేరా, అమ్మ వచ్చాది సూడు" అని వీపు నిమిరింది.

సెకండ్ షో ఇడిసినాక నాలుగు మైళ్లు నడవాల. దావలో చింతతోపు, తోపు మధ్యన మా గంగమ్మ గుడి. అన్ని రోజులూ ఆ గుడి కాడ భయపడేవాణ్ని, దీపం కూడా ఉండదు కదా. ఆ రోజు మాత్రం గుడి కనపడేవరకే భయం. గుడి కాడికి రాంగానే మా జేజి చెయ్యి ఇడిపించుకొని ముందుకు పరిగెత్తినా. ఆ పొద్దు నుంచి ఇప్పటిదాకా ఆ తోపులో నాకు భయమనేది లేదు. జేజి పోయి పన్నెండేండ్లాయ.

వేపచెట్టు నీడ:
నేను చూడలేకపోయినదాన్ని. అయినా చెప్పుకోవచ్చా?

మాది తెనాలి. 96 ఫిబ్రవరి అనుకుంటాను, మా బడి పిల్లల్ని రాయితీ టికెట్టు మీద ఆటకి తీసుకెళ్తామన్నారు. పేరు ఇచ్చాను, డబ్బులు కట్టాను. ముందు రోజు రాత్రి జ్వరం. పొద్దున చూస్తే ఒళ్లంతా పొక్కులు. నాకు అమ్మవారు పోసింది. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. గదిలో వేపాకు పరిచి, పైన తెల్లదుప్పటి వేసి పడుకోబెట్టారు. బళ్లో పిల్లలంతా మా వీధిలోంచే వరసగా హాలుకి వెళ్లారు. కిటికీలోంచి చూసి నేను ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

మా నాయనమ్మ వేపరెమ్మతో ఒళ్లు దువ్వుతూ, "ఎందుకే పిచ్చితల్లీ, వాళ్లు ఆవిణ్ణి చూడ్డానికి పోతున్నారు. నిన్ను చూడ్డానికి ఆవిడే వచ్చింది" అంది. నమ్మాను. ఏడుపు ఆగిపోయింది. ఆ తొమ్మిది రోజులూ గదిలో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. మెల్లగా మాట్లాడేదాన్ని. పెరుగన్నం పెడితే రెండు ముద్దలు పక్కన పెట్టేదాన్ని. సాయంత్రం మా బాబాయి కూతురు కిటికీ అవతల నిలబడి సినిమా కథంతా చెప్పింది, అమ్మవారు పనిపిల్లగా ఇంటికి రావడం అదీ. వింటూ, ఆ పక్కన పెట్టిన ముద్దలకేసి చూశాను.

సినిమాని నేను చూసింది పెళ్లయ్యాక, టీవీలో. అప్పటికి సౌందర్య లేదు. 2004 ఏప్రిల్ 17న ఆ విమానం కూలిపోయిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను, కుర్చీలోంచి లేవలేకపోయాను. అంత చిన్న వయసులో అంత బరువైన పాత్రని తన మొహంతో మోసింది కదా ఆ పిల్ల. గ్రాఫిక్స్ గురించి ఎందరో మాట్లాడతారు గానీ, ఆ కళ్లలో నమ్మకం లేకపోతే అవన్నీ దేనికి ఆనేవి?

కోవై తెలుగు:
మేము కోయంబత్తూరులో తరాలుగా ఉన్న తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇక్కడ ఇది ‘అమ్మన్’ పేరుతో తమిళంలో వచ్చి బాగా ఆడింది. మా అత్త తెర మీద పెదాల కదలిక చూసి, "వీళ్లు మన మాటే మాట్లాడుతున్నారే" అని నాకు చెవిలో చెప్పింది. పక్కన కూర్చున్న తమిళ ఆవిడ మారియమ్మా అని దండం పెడుతోంది, మా అత్త అమ్మోరా అని దండం పెడుతోంది. ఇద్దరి మధ్యలో నేను.

ఆపరేటర్ గారబ్బాయి:
నాలుగు రోజుల నుంచీ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది విజయనగరం దగ్గర. పైడితల్లి సిరిమాను చూసి పెరిగినవాళ్లం. మా నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. ‘అమ్మోరు’ మీరందరూ తెర వైపు నుంచి చూశారు, నేను ప్రొజెక్టరు గదిలోని చిన్న కన్నంలోంచి చూశాను, ఎన్నిసార్లో లెక్కలేదు.

ఆ గదిలో రెండు మిషన్లు. ఒక రీలు అయిపోయే లోపల రెండోదాంట్లో కార్బన్ కడ్డీలు వెలిగించి సిద్ధంగా పెట్టాలి. వేసవిలో ఆ గది పొయ్యి లాగ ఉండేది. మా నాన్న బనీను మీదే పని చేసేవారు. ఈ సినిమా ఆడినన్నాళ్లూ మాత్రం శుభ్రంగా స్నానం చేసి, చొక్కా తొడుక్కునే మిషను ముట్టేవారు. ఆట మొదట్లో ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట ఎలాగూ వేసేవారు, అది అవుతుండగా మిషనుకి కర్పూరం చూపించేవారు. ఒకే ప్రింటు రెండు ఊళ్లకి. ఇక్కడ అయిన రీళ్లు పెట్టెలో పెట్టి సైకిలు మీద ఆరు కిలోమీటర్ల అవతలి హాలుకి పంపాలి. ఆ సైకిలు కుర్రాడు కూడా చెప్పుల్లేకుండా తొక్కేవాడు.

చివరి రీల్లో తెర మీదకి చిల్లర విసిరేవారు. తెరకి సన్నటి చిల్లులుంటాయి, వెనక ఉన్న స్పీకర్ల మోత బయటకి రావడానికి. పావలాలు, రూపాయి బిళ్లలు తగిలి ఆ చిల్లులు పెద్దవైపోయాయి. మరో సినిమా అయితే యజమాని గారు గోల చేసుండును. దీనికి ఏమీ అనలేదు. ఆట అయ్యాక ఊడ్చేవాళ్లు ఏరిన డబ్బంతా డబ్బాలో వేయించి, సినిమా ఎత్తేశాక గుడి హుండీలో వేసొచ్చారు. ఆ హాలు ఇప్పుడు లేదు, బియ్యం గోడౌను అయింది.

పాలమూరు పోరడు:
అన్నా, మీ నాయిన ఉన్నడా?

ఆపరేటర్ గారబ్బాయి:
ఉన్నారు తమ్ముడూ. చూపు తగ్గింది. రీలు తెగినప్పుడల్లా రెండు మూడు ఫ్రేములు కత్తిరించి అతికించేవారు, ఆ ముక్కలు నాకిచ్చేవారు. మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ పట్టి, గోడ మీద పంచె కట్టి బొమ్మలేసుకునేవాళ్లం. ఈ మాటలు చదివాక అటక మీద వెతికితే అగ్గిపెట్టె దొరికింది. అందులో ‘అమ్మోరు’ ముక్క ఒకటుంది, మూడు ఫ్రేములు. కొంచెం ఎర్రబారింది. సౌందర్య, ఆమె ఎదురుగా విగ్రహం.

బల్బు దొరకలేదు, సెల్‌ఫోన్ టార్చి ముందు పెట్టి గోడ మీద వేశాను. నాన్నకి బొమ్మ ఆనలేదు. ఏ సీనురా అని అడిగారు. విగ్రహం దగ్గర ఏడుస్తోంది నాన్నా, అమ్మోరు ఇంకా రాలేదు అన్నాను. "అయితే చివరి రీలు. చొక్కా ఇలా ఇవ్వు" అన్నారు.